వెనక్కి అడిగిన లిల్లీలు

2024 ఆగస్టు 16, శుక్రవారం

ఇవాళ నేను మనిషిని కాదు, కొరియర్‌ని.

వరలక్ష్మీ వ్రతం. పొద్దున్నుంచీ పట్టుచీర. బౌరంపేట్‌లో ఉన్న ఈ కాలనీలో ఏ విల్లా తలుపు తట్టినా ఇదే వేషం. అవే శనగలు, అదే ప్లాస్టిక్ డబ్బా, అదే బ్లౌజ్ పీస్. ఆ బ్లౌజ్ పీస్‌ని ఎవరూ కుట్టించుకోరు. అది ఇల్లిల్లూ తిరుగుతుంది. పోయినేడాది నేనిచ్చిన ఆకుపచ్చది ఇవాళ మడత కూడా విప్పకుండా నాకే తిరిగొచ్చింది. తెచ్చినావిడ మొహంలో సిగ్గు లేదు. పుచ్చుకున్న నా మొహంలోనూ ఉండి ఉండదు.

మా ఇంటి వాయనం మాత్రం వేరు. మా అత్తయ్య అమ్మాజీ గారు పెంచే ఎర్ర లిల్లీ. నర్సరీ వాళ్లు అమరిల్లిస్ అంటారు. ఉల్లిగడ్డంత దుంప, చిన్న మట్టి కుండీ, కుండీకి పసుపు, బొట్టు. పాలకొల్లు నుంచి మా ఇంటికి వచ్చేటప్పుడు ఆవిడ చీరల పెట్టె కంటే ముందు ఈ దుంపల సంచీ దింపారు. పెంచేది ఆవిడ, పిల్ల దుంపలు కోసి విడదీసేది ఆవిడ, కుండీలు కడిగేది ఆవిడ. ఇచ్చేది నేను. మామయ్యగారు పోయారు కాబట్టి ఆవిడ చేత్తో వాయనం ఇవ్వకూడదు. వంటింటి గుమ్మం లోపల నిలబడి, ఏ కుండీ ఎవరికో కళ్లతో చెప్తారు. నేను ఇస్తినమ్మ వాయనం అంటాను. వాళ్లు పుచ్చుకుంటినమ్మ వాయనం అంటారు.

నాకు దేవుడి మీదే నమ్మకం లేదు. అయినా నా చెయ్యి పనికొస్తుంది, ఎందుకంటే శ్రీకాంత్ బతికున్నాడు. ఆ మహానుభావుడు ఆ సమయానికి పై గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీటింగ్‌లో ఉన్నాడు. ఈ వ్రతానికి నా మొగుడు చేసిన సాయం, బతికుండటం.

ఎదురింటి పార్వతీదేవి గారు రెండు కుండీలు అడిగి మరీ తీసుకున్నారు. ఆవిడ అసోసియేషన్ ప్రెసిడెంట్ సుధీర్ గారి భార్య, కాబట్టి ఏదైనా రెండు. రెండోది చారల ఆకులది కావాలన్నారు. అత్వెల్లి రోడ్డు పక్కన ఎవరో బండి మీద పెట్టి అమ్ముతుంటే అత్తయ్య వేసవిలో కొన్న దుంప తాలూకు పిల్ల అది. ఆకు పొడుగునా లేత పసుపు గీతలు. డిజైనర్ చీరలా ఉందే అని మురిసిపోయారు ఇద్దరూ.

2024 ఆగస్టు 17

పట్టుచీర డ్రైక్లీనింగ్‌కి. శనగలు తోటపనికొచ్చే మైసమ్మకి. ఆవిడకీ వద్దట, పది ఇళ్ల శనగలు వచ్చాయట.

2024 అక్టోబర్ 6, ఆదివారం

కాలనీ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూప్ పేరు గ్రీన్ ఏంజెల్స్. నేను పెట్టిన పేరు కాదని ఇక్కడ రాసుకుంటే నాకు కాస్త ఊరట.

పార్వతీదేవి ఫొటో పెట్టారు. మామూలు ఎర్ర లిల్లీ కుండీలో కూడా కొత్త ఆకులకి చారలొచ్చాయట, వెరైగేటెడ్ అయిపోయిందట, అమ్మవారి దయట. గంట తిరక్కుండా మాదీ మాదీ అంటూ ఇంటికొక ఫొటో. ఒకే నెలలో కాలనీలోని లిల్లీలన్నీ కూడబలుక్కుని డిజైన్ మార్చుకుంటే ఒక్కరికీ అనుమానం రాలేదు. వీళ్లలో ఇంజనీర్లున్నారు, ఇద్దరు డాక్టర్లున్నారు, ఒక రిటైర్డ్ ప్రిన్సిపాల్ ఉన్నాడు, వాళ్లావిడ ఫోన్‌లోంచి ఆయనే మెసేజ్‌లు పెడతాడు. అందరూ కలిసి దండాల ఎమోజీలు.

కిందికి దిగి మా లిల్లీల మడి చూశాను. ముదురాకుపచ్చ మీద లేత మచ్చలు, గీతలు. కొన్ని ఆకులు మెలితిరిగిపోయాయి. ఆకు తిప్పితే అడుగున పేనుబంక, గుంపులు గుంపులుగా.

నేను శామీర్‌పేట దగ్గర వ్యాక్సిన్ కంపెనీలో పని చేస్తాను. పెళ్లి కంటే ముందు నుంచీ వైరస్‌లతో కాపురం. ఇది వెరైటీ కాదు. ఇది మొజాయిక్, ఆకు మీద ఇలా గీతలు గీసే వైరస్ తెగులు.

2024 అక్టోబర్ 8

అత్తయ్యకి చెప్పాను. దిష్టి అన్నారు. అంతమంది అన్ని ఫొటోలు తీస్తే తగలదా అన్నారు. మడి చుట్టూ ఎండుమిరపకాయలు తిప్పి పడేశారు. పసుపునీళ్లు చల్లారు.

మళ్లీ కూర్చోబెట్టి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాను. దీనికి మందు లేదు. జ్వరంలా వచ్చిపోయేది కాదు, దుంపలోనే ఉండిపోతుంది, ఆ దుంప పెట్టే ప్రతి పిల్లకీ వస్తుంది. పేనుబంక ఈ మొక్క రసం తాగి ఆ మొక్క మీద వాలుతుంది. మీ కత్తి ఈ దుంప కోసి, తుడవకుండా ఆ దుంప కోస్తుంది. ఆ బండి మీద కొన్నదాంతో వచ్చింది, మీ కత్తితో అన్నిటికీ అంటింది. తవ్వి పారెయ్యడం ఒక్కటే దారి.

ఆవిడ అంతా శ్రద్ధగా విన్నారు. పోనీ పుల్లమజ్జిగ పోస్తేనో అన్నారు.

శ్రీకాంత్‌కి చెప్తే మొక్కలే కదా నవ్యా, వదిలెయ్ అన్నాడు. ఇతనికి వదిలెయ్యడం ఒక్కటే పూర్తిగా వచ్చిన విద్య.

2024 అక్టోబర్ 20, ఆదివారం

మైసమ్మ ఒక్కటే కత్తెరతో పది ఇళ్లలో ఎండుటాకులు కత్తిరిస్తుంది. బ్లీచ్ నీళ్ల మగ్గు పెట్టి, ఒక్కో మొక్కకీ మధ్యలో కత్తెర ముంచమన్నాను. గట్ల ముంచితే నా కత్తెరకు జంగు వట్టదా అమ్మా అంది. తుప్పు పడితే కొత్తది కొనిస్తానన్నాను. అయితే జల్దీ కొనియ్యి, గప్పటి దాంక గిట్లనే జేస్త అంది. చెట్టుకు గూడ కరోనా వచ్చిందా ఏంది, మాస్కు గట్టాల్నా అని పగలబడి నవ్వింది. అత్తయ్య కూడా నవ్వారు. నిన్నటి దాకా ఎరువు గురించి పోట్లాడుకున్నవాళ్లు నన్ను చూసి ఒక్కటయ్యారు.

2024 నవంబర్ 4

పోయిన నెల మా మడిలోవీ, నాలుగిళ్ల కుండీల్లోవీ ఆకులు ల్యాబ్‌కి పంపాను, ఇవాళ పీసీఆర్ రిపోర్ట్ వచ్చింది. పంపినవన్నీ పాజిటివ్.

నిజం రాసుకోవాలి. సంతోషం వేసింది. నెల రోజులు నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశారు.

అన్నం కూడా తినకుండా గ్రూప్‌లో మెసేజ్ పెట్టాను. మన లిల్లీలకి వైరస్ వచ్చింది, మా ఇంటి వాయనం దుంపల ద్వారా కాలనీ అంతా పాకింది, మా అత్తయ్య అమ్మాజీ గారి మడి దీనికి మూలం, దయచేసి అందరూ దుంపలతో సహా తవ్వి కవర్లో మూతి కట్టి పారెయ్యండి, కంపోస్ట్‌లో వెయ్యొద్దు, రిపోర్ట్ జత చేశాను. అత్తయ్య పేరు రాసేటప్పుడు వేలు ఆగలేదు. సైన్స్‌లో మూలం చెప్పాలి కదా.

జవాబులు: ఎప్సమ్ సాల్ట్ వేశారా అని ఒకరు. వేపనూనె అని ఒకరు. రేపు నీళ్ల ట్యాంకర్ ఆలస్యం అని పార్వతీదేవి. ఆ కింద ఎవరో ఎవరికో హ్యాపీ బర్త్‌డే.

2024 నవంబర్ 8, శుక్రవారం

పొద్దున కాలనీ గేటు బయట, రోడ్లు కలిసే చోట, నాలుగైదు లిల్లీ కుండీలు పడి ఉన్నాయి. పగిలి, దుంపలు బయటికొచ్చి. నిమ్మకాయలు, గుమ్మడికాయలు పడేసే చోటు అది. కార్లు వాటి పక్కనుంచి జాగ్రత్తగా తప్పించి పోతున్నాయి, తొక్కితే ఏమవుతుందో అని.

మా వెనక వరసలో ఉండే లిఖిత నా ఆఫీసే, నా కార్లోనే వస్తుంది. దుండిగల్ దాటాక మెల్లిగా చెప్పింది. నేను లేని ఇంకో గ్రూప్ ఉందట. అందులో పార్వతీదేవి రాశారట, కోడలి చేత ఇప్పించినా పెంచిన చెయ్యి పెంచిన చెయ్యే, ఆ చెయ్యి మంచిది కాదు, అందుకే అందరి మొక్కలూ ఇలా అయ్యాయి, కోడలే ఒప్పుకుంది చూడండి అని. కింద నా మెసేజ్ స్క్రీన్‌షాట్. ఎవరూ కాదనలేదట. మరి నువ్వు అన్నావా అని లిఖితని అడిగాను. కిటికీలోంచి బయటికి చూసింది.

నేను పీసీఆర్ రిపోర్ట్ ఇచ్చాను. వాళ్లు అందులో విధవ అని చదివారు.

2024 నవంబర్ 9, శనివారం

అత్తయ్యకి తెలిసిపోయింది. చెప్పింది మైసమ్మ. గా ఎదురింటామె నీ చెయ్యి మంచిగ లేదంటాంది పెద్దమ్మా, నువ్వేం పరేషాన్ గాకు, గామె నోరే మంచిగ లేదు అని ఓదార్చిందట. ఓదార్పుల్లో ఇదొక రకం.

నేను వెళ్లేసరికి ఆవిడ మడి పక్కన పీట వేసుకుని కూర్చుని ఉన్నారు. అరుస్తారనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

పాలకొల్లులో మామయ్యగారు పోయాక మొదటి శ్రావణంలో, తాంబూలం పళ్లెం తన ముందు నుంచి పక్కావిడకి వెళ్లిపోయిందట. ఎవరూ ఏమీ అనలేదట, పళ్లెం కాస్త ఎత్తి దాటించారంతే. ఇక్కడికొచ్చాక ఈ దుంప ఒక్కటే నా చేతిది అన్నారు. నీ చేతి మీదుగా వెళ్లినా నాదేగా. వాళ్లు కళ్లకద్దుకుని తీసుకెళ్తుంటే గుమ్మంలోంచి చూసుకునేదాన్ని. ఏడాదికి ఒక్క రోజు. అదీ పోయింది కదే అమ్మాయ్ అన్నారు.

నాకు నా మీద అసహ్యం వేసింది. ఆ వేలు ఆగి ఉండాల్సింది. కానీ వాళ్ల మీద వేసిన అసహ్యం ముందు ఇది చాలా చిన్నది. అది కూడా రాసుకోవాలి.

నిజంగానే మందు లేదా అని అడిగారు. లేదన్నాను. ఉంచితే మిగతావాళ్లకీ అంటుతూనే ఉంటుందా అన్నారు. అవునన్నాను. పీట ఎత్తుకుని లోపలికి వెళ్లారు.

2024 నవంబర్ 10, ఆదివారం

లేచేసరికి మడి ఖాళీ.

మొత్తం ఆవిడే తవ్వేశారు. మైసమ్మని ముట్టుకోనివ్వలేదట. మంచిగున్న గడ్డలు గూడ తీసేసినవేంది పెద్దమ్మా అని మైసమ్మ మొత్తుకుంటోంది. దుంపలన్నీ నల్ల కవర్లలో. కత్తి కూడా కవర్లో. ఆవిడ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ఇంకో కవరు పట్టుకుని గేటు తీశారు.

ఎక్కడికన్నాను. ఇచ్చినవి తెచ్చుకోవద్దూ అన్నారు.

వాయనం వెనక్కి అడగడం ఎక్కడా లేదు. అది నాక్కూడా తెలుసు. నేను వెళ్తానన్నాను. నువ్వెళ్తే సైన్సు చెప్తావు, వాళ్లు ఇవ్వరు అన్నారు. వెనకాల కవర్లు మోస్తూ వెళ్లాను. మళ్లీ కొరియరే.

ప్రతి గుమ్మం ముందూ అదే మాట. నా దుంపకి జబ్బు చేసిందమ్మా, మీ మిగతా మొక్కలకి అంటకుండా పట్టుకుపోతాను. గొంతు తగ్గించలేదు, పెంచలేదు. కొందరు తెచ్చి ఇచ్చారు. ఒకావిడ లోపలికి రావద్దన్నట్టు చెయ్యి అడ్డంపెట్టి, కుండీని కాలితో గుమ్మం దాటించింది. అత్తయ్య వంగి తీసుకున్నారు. ప్రిన్సిపాల్ మొక్క ఇచ్చి, కుండీ మళ్లీ తెచ్చిస్తారా అని అడిగాడు. కుండీ కూడా మాదే. లిఖిత తనే తవ్వి కవర్లో వేసి, తలెత్తకుండా ఇచ్చింది.

పార్వతీదేవి ఇవ్వలేదు. పుచ్చుకున్న వాయనం వెనక్కిస్తే మా ఆయనకి మంచిది కాదండీ అంది. చెయ్యి మంచిది కాదు గానీ, ఆ చేతి పువ్వు కావాలి. రెండు కుండీలూ వరండాలో, చారల ఆకులతో, ఎండ తగిలే చోట పెట్టుకుంది.

2024 నవంబర్ 23

కవర్లు మేడ మీద ఎండలో కుళ్లుతున్నాయి. కుళ్లాలి. కంపు కొడుతోందని సుధీర్ గారు నోటీసు పంపారు. ఈ కాలనీలో కంపు గురించి నోటీసు రావడం ఇదే మొదటిసారి. చాలా ఆలస్యం.

2025 జనవరి 18, శనివారం

పాలకొల్లు నుంచి అత్తయ్య పినతల్లి కూతురు బస్సు పార్సెల్‌లో లిల్లీలు పంపింది, ఆకులతో సహా. అత్తయ్య వాటి మట్టి కూడా దులపలేదు. ముందు నీ పరీక్ష చేయించు అన్నారు.

2025 ఫిబ్రవరి 2

నెగెటివ్. కొత్త కత్తి, కొత్త మట్టి, మడి కూడా పాత చోట కాదు, ఇంటికి ఇంకో వైపు. ఆవిడ పొద్దునా సాయంత్రం ఆకులు తిప్పి పేనుబంక కోసం చూస్తున్నారు. కళ్లజోడు నాది తీసుకున్నారు. నాకు చెప్పలేదు.

2025 ఏప్రిల్ 13, ఆదివారం

పార్వతీదేవి లిల్లీ పూసింది. ఎర్ర రేకుల మీద తెల్లటి చారలు, ఎవరో తడి కుంచెతో అలికినట్టు. గ్రూప్‌లో ఫొటో. అన్ని ఇళ్లలో పోయినా మా ఇంటి లక్ష్మి నిలబెట్టింది, ఈసారి శ్రావణానికి దుంపలు విడదీసి మంచి చేతి మీదుగా నేనే అందరికీ వాయనం ఇస్తాను అని. కింద దండాలే దండాలు.

అత్తయ్య రెండుసార్లు చదివించుకున్నారు. ఆ పురుగు రోడ్డు దాటి రాగలదా అని అడిగారు. గాలికి వచ్చేస్తుందన్నాను. చెప్పులేసుకున్నారు.

పువ్వు చూడటానికి వచ్చిన ఆడవాళ్లు అరడజను మంది అక్కడ కాఫీలు తాగుతున్నారు. అత్తయ్య వరండాలోనే నిలబడి, ఆ రెండు కుండీలూ పట్టుకెళ్లడానికి వచ్చానమ్మా అన్నారు. పార్వతీదేవి నవ్వి, పోయినసారి చెప్పిన మాటే చెప్పింది. వాయనం వెనక్కి ఇవ్వకూడదండీ, మీకు తెలియంది కాదు.

అప్పుడు అత్తయ్య అన్న మాటలు ఒక్కటి పోకుండా రాసుకుంటున్నాను. నా చెయ్యి వాయనానికి పనికిరాదని మీరే అన్నారటమ్మా. నిజమే కాబోలు, నేను ఎప్పుడూ గుమ్మం దాటి ఇవ్వలేదు. నా చెయ్యి పనికిరానిదైతే నేను పెంచింది వాయనం కాదు, ఒట్టి మొక్క. ఒట్టి మొక్కని తీసుకుపోతే మీ ఆయనకి ఏమీ కాదు. కాదు, అది వాయనమే అంటారా, అయితే నా చెయ్యి మంచిదే. ఇంతమందిలో ఆ ఒక్క మాట అనండి, కుండీలు వదిలేసి వెళ్లిపోతాను.

నేను భయపడ్డాను. అంటుందేమో అని. పువ్వు కోసం ఆ మాట అనేస్తుంది, వైరస్ ఇక్కడే ఉండిపోతుంది, మా కొత్త మడి పోతుంది. అత్తయ్య మొహం చూశాను. ఆవిడ మొక్క కోసం వచ్చారో, మాట కోసం వచ్చారో నాకప్పుడు తెలియలేదు. అంటే బాగుండునన్నట్టే ఉంది ఆ మొహం.

పార్వతీదేవి పువ్వు వంక చూసింది. మిగతావాళ్ల వంక చూసింది. వాళ్లు కాఫీ కప్పుల్లోకి చూశారు. అరడజను మంది చదువుకున్న ఆడవాళ్లు, చల్లారిన కాఫీలో ఏం వెతికారో.

అనలేదు. పువ్వునైనా వదులుకుంది గానీ ఆ మాట అనలేదు.

అత్తయ్య ఒక కుండీ తీసుకున్నారు, నేను ఒకటి. ఇంటికొచ్చి మొక్కల్ని పెకలించారు. ఆ చారల పువ్వుని కాసేపు చూశారు. బాగానే పూసిందే ముండది అన్నారు. కవర్లో వేసి మూతి కట్టారు.

2025 ఆగస్టు 3, ఆదివారం

పార్వతీదేవి ఫోన్. శుక్రవారం వాయనానికి రమ్మని పిలుపు, నన్ను. ఏమీ జరగనట్టు మాట్లాడగలగడం కూడా ఒక చదువే. మా ఇంట్లో ఇద్దరం ఉన్నామండీ, ఇద్దరినీ పిలిస్తే ఇద్దరం వస్తాం అన్నాను. చూసి చెప్తానంది.

ఒక్కదానివే వెళ్లిరావచ్చు కదా, గొడవెందుకు అన్నాడు శ్రీకాంత్. నువ్వెళ్లు, పట్టుచీర ఇస్తాను అన్నాను.

2025 ఆగస్టు 8, శుక్రవారం

ఫోన్ రాలేదు. ఆఫీసుకి సెలవు పెట్టాను. అత్తయ్యని కారెక్కించుకుని శామీర్‌పేట చెరువు దగ్గరికి వెళ్లాను. గట్టు పక్కన మొక్కజొన్న కంకులు కాలుస్తున్నారు. కట్టుడు పళ్లతో ఆవిడ కంకి కొరకలేరు. నేను గింజలు ఒలిచాను. ఆవిడ కొంగు పట్టారు. కారం ఎక్కువైందన్నారు, కానీ అన్నీ తిన్నారు.